భ్రామక్ ముద్ర పడ్డ చెంపదెబ్బ

నన్ను కొట్టిన కానిస్టేబుల్ ఇప్పటికీ ఉద్యోగంలోనే ఉన్నాడు. వాళ్లమ్మ ఇప్పటికీ మా కొట్లోనే బట్టలు కొంటుంది. అందుకని ఊరి పేరు గానీ మనుషుల పేర్లు గానీ రాయడం లేదు. దక్షిణ బస్తర్‌లో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న బజారు ఊళ్లలో మాదొకటి, అంతే. మా తాత గోదావరి అవతలి నుంచి బట్టల మూటతో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాకు ఇంట్లో తెలుగు, కొట్లో హిందీ, సంతలో దొర్ల ఆదివాసుల దొర్లీ, అవసరమైతే నాలుగు ముక్కలు గోండీ. ఒక్క బేరం తెగేలోపల మూడు భాషలు మారతాయి. మారినట్టు మాకు తెలియను కూడా తెలియదు.

కొట్టు మా ఆవిడ చూసుకుంటుంది. నేను పికప్ బండిలో లుంగీలు, గంచా తువ్వాళ్లు, చీరలు వేసుకుని చుట్టుపక్కల సంతలకు పోతాను. కొన్నేళ్ల కిందట బండి పోలేని ఊళ్లకు ఇప్పుడు తారు రోడ్డు పడింది. రోడ్డుతో పాటే పోలీసు క్యాంపులు, బండ్లు ఆపి తనిఖీ చేసే నాకాలు వచ్చాయి. నాకా దగ్గర బండి ఆపుతాం. మూటలు విప్పి చూపిస్తాం. "ఏం సేఠ్, బేరం ఎట్లుంది?" అంటారు. "ఏదో నడుస్తోంది సాబ్" అంటాం. మళ్లీ మూటలు కట్టుకుని పోతాం. ఇందులో ఎవరి మీదా కోపం పెట్టుకునేదేమీ లేదు. జుట్టు తెల్లబడేదాకా పోలీసు చేతి దెబ్బ ఎట్లుంటుందో నాకు తెలియదు.

ఆ రోజు కొత్త రోడ్డు పక్కన ఉన్న ఒక సంతకు పోయాను. పోగానే ఏదో తేడాగా అనిపించింది. సంతలోకి పోయే దారి ఊడ్చి ఉంది. అటూ ఇటూ సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. ఎప్పుడూ రోడ్డు మీదే కూర్చునే కూరగాయల ఆడవాళ్లను ఆ గీత వెనక్కి జరిపారు. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడేమో అనుకున్నాను. ఎప్పుడూ ఆపే చోటే, కల్వర్టు పక్కన బండి ఆపి తాళ్లు విప్పుతున్నాను.

ఒక కుర్ర కానిస్టేబుల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "గాడీ హటావ్!" అన్నాడు హిందీలో, బండి తీసెయ్యమని.

అతను నాకు తెలుసు. దొర్ల వాళ్ల పిల్లవాడు. వాళ్లమ్మ ఏటా పంట అమ్మాక మా కొట్టుకు వచ్చి ఇంటిల్లిపాదికీ బట్టలు తీసుకుపోతుంది. అందుకని చనువుగానే, తెలుగులో అన్నాను: "ఏంది బాబూ, ఈ మూటలు దించి తీసేస్త."

అతను రోడ్డు వైపు చూశాడు. దూరంగా వరసగా బండ్లు వస్తున్నాయి. నడుముకున్న వైర్‌లెస్ ఒకటే అరుస్తోంది. "అభీ హటావ్, అభీ!" అన్నాడు.

"ఒక్క నిమిషం ఆగరాదు?" అంటూ, భుజం మీద మూటతో పక్కకు పోవడానికి అతని భుజం మీద చెయ్యి వేశాను. తప్పుకోమన్నట్టు వేసిన చెయ్యి, అంతే. అప్పుడు కొట్టాడు.

నొప్పి వెంటనే తెలియలేదు. చప్పుడు తెలిసింది. కళ్లద్దాలు ఎగిరి గడ్డిలో పడ్డాయి. మూట జారి విచ్చుకుని కొత్త లుంగీలు దుమ్ములో పడ్డాయి. ఇంకేమీ తోచక, మట్టి అంటితే ఎవడు కొంటాడు అనుకుంటూ వంగి లుంగీలు ఏరుకోవడం మొదలుపెట్టాను. తలెత్తి చూస్తే ఆ అబ్బాయి తన అరచెయ్యి వైపే చూసుకుంటున్నాడు. ఇంతలో వెనక నుంచి ఎవరో కేకేశారు. అతను పోయాడు. నేను బండి తీసి దూరంగా పెట్టుకున్నాను. ఆ రోజు బేరం కూడా చేశాను. ఒక చెంప వేడిగా, ఒక చెంప మామూలుగా పెట్టుకుని లుంగీలు అమ్మాను.

సాయంత్రం ఇంటికి రాగానే మా ఆవిడ చూసింది. "బుగ్గకేమైంది?"

"మూట తగిలింది."

తెల్లారి కిరండూల్ నుంచి బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ గనుల కాలనీలో ఉంటాడు. "బావా, నీ వీడియో చూసినవా?" అన్నాడు. నేను నవ్వాను. నా వీడియో ఏంది? అతను పంపాడు. చూశాను.

ఆగి ఉన్న బస్సు కిటికీలోంచి ఎవరో తీసినట్టున్నారు. చాలా చిన్నది. అతని చెయ్యి లేవడం, నా తల తిరగడం, లుంగీలు పడిపోవడం. మళ్లీ మొదటి నుంచి అదే. వెనక గుండెలు పిండేసే సంగీతం. కింద హిందీలో రాసి ఉంది: మహువా పువ్వు, అంటే మన ఇప్ప పువ్వు, అమ్ముకుందామని వచ్చిన నిరుపేద ఆదివాసీ రైతును, ఒక ముసలాయనను, పోలీసులు కొట్టారని.

నేను మహువా అమ్మలేదు. నాకు పొలం లేదు. ఆదివాసీని కాను. తలకు గంచా చుట్టుకుని, సంతలకు వేసుకునే పాత చొక్కా వేసుకుని ఉన్నాను కాబట్టి చూసినవాళ్లకు అట్లా కనపడి ఉంటాను. నిజం చెప్పాలంటే "ముసలాయన" అన్న మాట కాస్త గుచ్చుకుంది.

ఆ వీడియో జగ్దల్‌పూర్ దాటి, రాయపూర్ దాటి, హైదరాబాద్‌లో ఉన్న మా చుట్టాల ఫోన్లలోకి కూడా పోయింది. కింద జనం పోలీసులను తిట్టిపోస్తున్నారు. కొందరు ఆ రైతు అడ్రసు చెప్పండి, సాయం చేస్తామంటున్నారు. ఎవరో ఒకావిడ, దుమ్ములో పడ్డ ఆ పువ్వు చూస్తే అన్నం సహించలేదని రాసింది. పడినవి నా లుంగీలు. ఆమె బాధ మాత్రం నిజమైన బాధలాగే ఉంది.

మా ఆవిడ వీడియో చూసి ఏడ్చింది. కొట్టినందుకు కాదు. "మూట తగిలిందని నాతో ఎందుకు చెప్పినవ్?" అంది. ఎప్పుడూ నన్ను మీరు అనే మనిషి ఆ పూట నువ్వు అంది.

ఆ సాయంత్రానికే జిల్లా పోలీసుల పేజీలో అదే వీడియో వచ్చింది. వీడియో అంటే వీడియో కాదు, అందులోంచి ఆపి తీసిన బొమ్మ. అతని అరచెయ్యి, నా చెంప. దాని మీద ఏటవాలుగా, ఎర్రటి పెద్ద అక్షరాలతో ముద్ర: భ్రామక్. తప్పుదోవ పట్టించేది అని అర్థం. కింద ఇట్లా రాశారు: ఈ వీడియోతో జరుగుతున్న ప్రచారం అవాస్తవం. ఇందులోని వ్యక్తి ఆదివాసీ రైతు కాదు, బట్టల వ్యాపారి. నిజానిజాలు తెలుసుకోకుండా షేర్ చేసేవారిపై చట్టప్రకారం చర్య తీసుకుంటాం.

చాలాసార్లు చదివాను. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. దెబ్బ గురించి మాత్రం ఒక్క మాట లేదు.

మర్నాడు కొట్టు తెరిచానో లేదో, పక్క వీధిలో ఉండే మాస్టారు వచ్చారు. స్కూల్లో లెక్కలు చెబుతారు, మంచి మనిషి. "ఏం సేఠ్, భయపడిపోయినం గదా. తీరా చూస్తే అది ఫేక్ అట" అన్నారు.

"ఫేక్ కాదు సార్. నిజంగనే కొట్టిండు."

ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి జేబులోంచి ఫోన్ తీశారు. "మరి డిపార్ట్‌మెంట్ వాళ్లే భ్రామక్ అని వేసిండ్రు గద? ఈ రోజుల్లో ఏఐతోని ఎవర్నైనా కొట్టినట్టు చూపియ్యొచ్చు" అన్నారు.

"నా చెంపే కద సార్ అది."

"నేను కాదన్నా?" అన్నారు మాస్టారు. కానీ గొంతులో అనుమానం ఉంది. ఒక పక్క సర్కారు ముద్ర, ఇంకో పక్క నా మాట. ఆయన ఏది నమ్మాలి?

ఆ వారమంతా అదే తంతు. నిన్నటిదాకా నా కోసం ఏడ్చినవాళ్లే తమను మోసం చేశానన్నట్టు రాశారు. అడ్రసు అడిగినవాళ్లు తిట్టారు. ఎవడో "డ్రామా సేఠ్" అని పేరు పెట్టాడు. అది ఊళ్లోకి కూడా వచ్చింది. సంతలో ఒక కుర్రవాడు గంచా బేరమాడుతూ, "ఏంది డ్రామా సేఠ్, తగ్గియ్యవా?" అన్నాడు. తిట్టడానికి అనలేదు, నా పేరు అదే అనుకున్నాడు.

దెబ్బ తిన్నవాడిగా నేను బతకగలను. లోకంలో చాలామంది తిన్నారు, మా చుట్టుపక్కల ఊళ్లలో అంతకంటే పెద్దవి తిన్నవాళ్లున్నారు, వాళ్లను ఏ బస్సులోంచీ ఎవరూ వీడియో తీయలేదు. కానీ తినని దెబ్బ తిన్నానని చెప్పుకునేవాడిగా బతకడం ఎట్లాగో నాకు అర్థం కాలేదు.

అట్లా ఉండగా ఆ అబ్బాయి తల్లి వచ్చింది. వానకాలం ముందు ఎప్పుడూ రాని మనిషి. లోపలికి రాకుండా మెట్టు మీదే కూర్చుంది.

"సావుకారీ, మా పోరగాణ్ని లైన్ల పెట్టిండ్రు" అంది. లైన్ అటాచ్ అంటారు. ఠాణా డ్యూటీ తీసేసి జిల్లా హెడ్‌క్వార్టర్‌లో ఊరికే కూర్చోబెట్టడం. "నువ్వు పోయి కొట్టలేదని చెప్పు. ఫోన్ల గూడ కొట్టలేదనే రాసిండ్రట గద."

"కొట్టిండు గద అక్కా."

"కొట్టిండు" అందామె. "ఇంట్ల అడిగిన. కొట్టిన్నని ఒప్పుకున్నడు. నేను గూడ తిట్టిన. గని నువ్వు చెప్తె వాణ్ని ఇడుస్తరు."

"కొట్టలేదని చెప్పలేను. వాని మీద కోపం లేదని చెప్త."

"రెండిటికీ తేడా ఏంది?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మంచినీళ్లిచ్చాను. తాగి పోయింది.

జిల్లా కేంద్రానికి పోదామని నిర్ణయించుకున్నాను. మా ఆవిడ కొట్టుకు తాళం వేసి బయల్దేరింది. "మీరొక్కరే పోతె మెత్తగ మాట్లాడి లేచొస్తరు" అంది.

పోలీసు ఆఫీసులో చివరి గది సోషల్ మీడియా సెల్. చిన్న గదే. రెండు కంప్యూటర్లు, మూల ఒక గుండ్రటి లైటు, గోడకు ఆనించిన హెల్మెట్ ప్రచారం బోర్డులు. అక్కడ ఒక ఎస్ఐ ఉంది. ఆడపిల్ల, బిలాస్‌పూర్ వైపు మనిషి. నన్ను చూడగానే లేచి నిలబడింది. నా ముఖాన్ని నాకంటే ఎక్కువసార్లు చూసి ఉంటుంది మరి.

"కూర్చోండి అంకుల్‌జీ" అంది. నీళ్లు తెప్పించింది. మర్యాదలో ఏ లోటూ లేదు.

నేను వచ్చిన పని చెప్పాను. నన్ను కొట్టిన మాట నిజమని ఒక్క వాక్యం రాయండి, చాలు అన్నాను.

ఆమె విసుక్కోలేదు. నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. "ఇక్కడ ఒక అబద్ధం బయల్దేరితే అది ఆగేలోపల రోడ్డు మీద జనం ఉంటారు అంకుల్‌జీ. ఆదివాసీ రైతును కొట్టారన్న మాట ఏ ఊళ్లో ఎట్లా అంటుకుంటుందో మీకు తెలియంది కాదు. రాళ్లు పడతాయి. మావాళ్లకూ తగులుతాయి, ఊరివాళ్లకూ తగులుతాయి. నా పని దాన్ని ఆపడం. రాసింది అబద్ధం, అందుకే భ్రామక్ అన్నాను."

"ఆపడం మంచిదే అమ్మా. మరి దెబ్బ?"

"అది విచారణలో ఉంది. విచారణలో ఉన్నది పేజీలో పెట్టకూడదు."

అప్పుడు మా ఆవిడ కల్పించుకుంది. ఆమె హిందీ కొట్టు వరకే పనికొస్తుంది. ఆ హిందీలోనే, ఫోన్‌లో ఆ బొమ్మ తెరిచి ఆ అమ్మాయి ముందు పెట్టి అంది: "బేటీ, ఈ ఎర్ర అక్షరాలు ఎక్కడ పడ్డయో చూడు. అబద్ధం రాసినోని రాత మీద పడలేదు. ఈయన చెంప మీద పడ్డయి."

ఎస్ఐ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఆమె చేసిన బొమ్మే. బహుశా హడావుడిలో ముద్ర మధ్యలో వేసి ఉంటుంది. ఎవరైనా మధ్యలోనే వేస్తారు.

తర్వాత బయటికి పోయి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చింది. ఒక వీడియో చేద్దామంది. నేనూ ఆ కానిస్టేబులూ పక్కపక్కన కూర్చుని చాయ్ తాగాలి, నాలుగు మాటలు మాట్లాడాలి. దాంతో అతని విషయం కూడా తేలిక పడుతుంది. "మీరు ఏం చెప్పాలనుకుంటే అదే చెప్పండి అంకుల్‌జీ" అంది.

అతని విషయం తేలిక పడుతుందన్న మాటకు ఒప్పుకున్నాను. మెట్టు మీద కూర్చున్న వాళ్లమ్మ గుర్తొచ్చింది.

ఆఫీసు వెనక పూలకుండీల ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అబ్బాయిని పిలిపించారు. ఇస్త్రీ యూనిఫాంలో వచ్చాడు, నా వైపు చూడలేదు. చాయ్ వచ్చింది. వెలుతురు సరిగా లేదు, ఇప్పుడే తాగొద్దన్నారు. కప్పులు పట్టుకుని కూర్చున్నాం. కెమెరా వాళ్లు వాళ్ల పనిలో ఉన్నారు. అప్పుడు మెల్లగా, తెలుగులో అడిగాను.

"ఎందుకు కొట్టినవు తమ్మీ?"

అతను కప్పులోకి చూస్తూ చెప్పాడు. ఆ రోజు వచ్చింది ఆఫీసరు కాదట. రాజధాని నుంచి వీడియో తీసేవాళ్లు. కొత్త రోడ్డు, ప్రశాంతంగా సంత, జనం నవ్వుతూ కొనుక్కోవడం తీసి డిపార్ట్‌మెంట్ పేజీలో పెట్టడానికి. అంతకు ముందు ఇంకెక్కడో తీసిన దాంట్లో రోడ్డు మధ్య పశువులు పడుకుని ఉంటే జనం నవ్వారట, పైవాళ్లు కిందివాళ్లను తిట్టారట. అందుకని పొద్దుటి నుంచీ సున్నం, చీపుర్లు, కేకలు. "మీ బండి సరిగ్గ కెమెరా పెట్టే చోటుకు ఎదురుంగ ఉండె. వైర్‌లెస్‌ల ఒకటే తిట్లు. అప్పుడే మీరు భుజం మీద చెయ్యి ఏసిండ్రు. ఏమైందో నాకే తెల్వదు."

"తీసిండ్రా మరి, ఆ సంత?"

"తీసిండ్రు. పెట్టలేదు. ఇదైనంక ఎట్ల పెడతరు?"

ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వకూడదని ఆపుకున్నాం.

నన్ను మాట్లాడమన్నారు. "ఈ అబ్బాయి నన్ను సంతలో కొట్టాడు. అది నిజం. ఇప్పుడు అతని మీద నాకు కోపం లేదు" అన్నాను. అతన్ని మాట్లాడమన్నారు. మీరు మా నాన్నలాంటివారు, క్షమించండి అనాలి. సగంలో ఆగిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు. మాట సరిగా వినపడలేదని మళ్లీ చెప్పమన్నారు. రెండోసారి తడబడకుండా చెప్పాడు. పేజీకి ఆ రెండోదే పనికొచ్చింది. మొదటిది నాకు దక్కింది.

వీడియో మర్నాడు వచ్చింది. సన్నటి పిల్లనగ్రోవి సంగీతంతో మొదలైంది. చాయ్ కప్పులు కనపడ్డాయి. తర్వాత నేను: "అతని మీద నాకు కోపం లేదు."

అంతే. దానికి ముందు చెప్పిన రెండు మాటలూ లేవు. కొట్టాడన్న మాట లేకుండా కోపం లేదంటే వినేవాళ్లకు ఏమనిపిస్తుంది? కోపం రావాల్సినంత పని ఏదీ జరగలేదనిపిస్తుంది. ఆ తల్లి అడిగిన తేడా ఇదే. తెలిసింది గానీ, చెప్పడానికి ఆమె ఎదురుగా లేదు.

కింద దండాలు పెట్టే బొమ్మలు బోలెడు. వాటి మధ్య "డ్రామా రెండో భాగం" అని ఒకడు. "ఎంత ముట్టింది సేఠ్?" అని ఇంకొకడు. నేను కూర్చుని, నా పేరుతోనే, హిందీలో రాశాను: "నాకు థప్పడ్ కొట్టిన మాట నిజం. ఆ మాట కూడా నేను ఈ వీడియోలో చెప్పాను." థప్పడ్ అంటే చెంపదెబ్బే.

నా ఫోన్‌లో కనపడింది. మా ఆవిడ ఫోన్‌లో కనపడలేదు. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశాం. బావమరిదికి ఫోన్ చేస్తే నవ్వాడు. "పేజీవాళ్లు కొన్ని మాటలను ఆపి పెడతరు బావా. ఆ మాట ఉంటే కామెంటు దానంతట అదే దాక్కుంటది. రాసినోనికి తప్ప ఎవరికీ కనపడదు. తిట్ల కోసం పెట్టుకుంటరు. థప్పడ్ అన్నది గూడ పెట్టినట్టున్నరు" అన్నాడు. ఆ వీడియో వచ్చాక జనమంతా అదే మాట రాసి ఉంటారు కదా.

థప్పడ్ తీసేసి, "నా మీద చెయ్యి చేసుకున్న మాట నిజం" అని రాశాను. మా ఆవిడ ఫోన్‌లో కనపడింది! ఇద్దరం ఏదో సాధించినట్టు సంతోషపడ్డాం. కాసేపటికి దాని కింద ఒకతను రాశాడు: "అంకుల్, ఇక పబ్లిసిటీ చాలించండి." ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ రోజుల్లో మా నాన్న చాలాసార్లు గుర్తొచ్చాడు. బట్టల వ్యాపారంలో రంగు దిగడం అన్నది ఎవరూ ఆపలేరు. ఎంత మంచి చోట తెచ్చినా ఒక్కోసారి ఉతగ్గానే రంగు దిగుతుంది. ఎవరైనా అట్లాంటి చీర పట్టుకుని వస్తే, పక్క కొట్టువాళ్లు మాది కాదనో, మీరే సోడా వేసి ఉడకబెట్టారనో అనేవారు. మా నాన్న కొట్లో జనం ఉండగానే ఆ చీర తీసుకునేవాడు. విప్పి చూసి, "అవును, దిగింది" అనేవాడు. వేరేది ఇచ్చేవాడు. చిన్నప్పుడు నాకు సిగ్గుగా ఉండేది, అందరి ముందూ ఎందుకు ఒప్పుకుంటాడా అని. మా కొట్టుకున్న పేరు అట్లా వచ్చిందే. మా చీరలకు రంగు దిగదని ఎవరూ ఎప్పుడూ అనలేదు. దిగితే ఒప్పుకుంటారని మాత్రం అనేవారు. ఖాకీ బట్టకు ఇది వర్తిస్తుందో లేదో నాకు తెలియదు. వాళ్ల పని వేరు, వాళ్ల భయాలు వేరు. ఆ ఎస్ఐ చెప్పిన రాళ్లు నిజమైన రాళ్లే. అయినా "అవును, కొట్టాడు" అని ఆ పేజీ ఒక్కసారి అని ఉంటే, ఆ తర్వాత అది ఏది అబద్ధమన్నా నేను కళ్లు మూసుకుని నమ్మేవాణ్ని. ఇప్పుడు ఆ ఎర్ర ముద్ర ఎక్కడ కనపడినా, దాని కింద ఏముందో అని చూస్తాను.

అబ్బాయిని లైన్ నుంచి తీసి జగర్‌గుండా వైపు ఒక క్యాంపుకు వేశారు. పోయేముందు తల్లితో కలిసి మా కొట్టుకు వచ్చాడు. పెళ్లి బట్టల బేరం నడుస్తోంది, కొట్టు నిండా జనం, చీరలు కుప్పలు పోసి ఉన్నాయి. మామూలు చొక్కాలో ఉన్నాడు. గుమ్మంలోనే నిలబడి, కొంచెం గట్టిగానే, దొర్లీలో అన్నాడు: "సావుకారీ, ఆ దినం నేను నిన్ను కొట్టిన. తప్పు నాదే."

ఎవరూ వినలేదు. అందరి కళ్లూ చీరల మీదే ఉన్నాయి. ఒక్క పెద్దావిడ మాత్రం ఇటు తిరిగి, "ఎంతకిస్తవట?" అంది, బేరం మాట అనుకుని.

నేను గద్దె మీంచి లేచి పోయి అతని భుజం మీద చెయ్యి వేశాను. చప్పున బిగుసుకున్నాడు, తర్వాత వదులయ్యాడు. వాళ్లమ్మ ఒక దుప్పటి తీసుకుంది. క్యాంపులో చలి ఉంటుందట.

కొన్నాళ్లకు ఎస్ఐ ఫోన్ చేసింది. ఆమెకు బదిలీ అయిందట. "అంకుల్‌జీ, ఒకసారి ఆ పాత పోస్టు తెరిచి చూడండి" అంది. తెరిచాను. ఎర్ర ముద్ర అట్లాగే ఉంది. కింద మాత్రం కొత్తగా ఒక వాక్యం ఉంది: వీడియోలో కనిపించిన ఘటనకు సంబంధించి సిబ్బందిపై శాఖాపరమైన చర్య తీసుకున్నాం.

"నా చేతిలో ఇంతే ఉంది" అంది.

"చాలమ్మా" అన్నాను.

పక్కన కూర్చుని వింటున్న మా ఆవిడ, ఆమెకు వినపడేటట్టే, "చాలదు" అంది.

"ఆంటీజీ చెప్పింది నిజమే" అని, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పెట్టేసింది. ఆ వాక్యం రాయడానికి ఆమె ఎవరిని అడిగిందో, ఎవరి చేత మాట పడిందో నేను అడగలేదు. అప్పటికి ఆ పోస్టు వైపు చూసేవాళ్లు ఎవరూ లేరు. మాస్టారికి చూపిద్దామా అనుకున్నాను. మళ్లీ ఎందుకులే అనిపించింది. చివరికి మా ఆవిడే పిలిచి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, "చర్య తీసుకున్నరంటే... కొట్టినట్టే గద" అన్నారు. అని, ఎప్పుడూ లేనిది, ఆ రోజు బేరం ఆడకుండా తువ్వాలు కొనుక్కుపోయారు.

దీనివల్ల నాకు అనుకోని పని ఒకటి తగులుకుంది. పోలీసు పేజీలో నా ముఖం వచ్చింది కాబట్టి, ఆ పేజీవాళ్లు నాకు దగ్గరివాళ్లని సంతలో జనం అనుకున్నారు. కాదని చెప్పినా వినరు. క్యాంపు దగ్గర బోరింగు పాడైందని ఒకరు, సంత దారిలో లైటు లేదని ఒకరు, నా దగ్గరికి వచ్చి పేజీలో రాయమంటారు. రాస్తాను. ఎక్కువసార్లు జవాబు రాదు. ఒక్కోసారి "దగ్గర్లోని ఠాణాను సంప్రదించండి" అని వస్తుంది. అదైనా చదివి వినిపిస్తే, జవాబు వచ్చిందని సంతోషపడతారు.

ఈ మధ్య ఒక రైతు కుటుంబపు ఆడమనిషి గీదం బస్టాండులో ఫోన్ పోగొట్టుకుంది. ఆమె కోసం రాశాను, ఆమెతో ఠాణాకు కూడా పోయాను. మర్యాదగానే రాసుకున్నారు. చాలా రోజుల తర్వాత ఫోన్ దొరికింది. పోయిన ఫోన్లు దొరికినవాళ్లందరినీ జిల్లా కేంద్రానికి పిలిచి, ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి ఫోటోలు తీసి పేజీలో పెట్టారు. ఆమె సంతకు వచ్చి చూపించమంది. చూపించాను. ఆఫీసరు నవ్వుతున్నాడు. ఆమె చేతిలో ఫోన్ ఉంది, కళ్లు మూసుకుపోయి ఉన్నాయి.

"కండ్లు మూసుకున్న గద సావుకారీ! ఎండకు నిలబెట్టిండ్రు. మార్చమని రాయి."

"పెట్టినంక మార్చరమ్మా" అన్నాను.

"రాసి చూడు" అంది.

రాశాను. ఈ ఫోటోలో ఉన్నావిడ కళ్లు మూసుకుని ఉన్నందుకు బాధపడుతోంది, వేరేది ఉంటే పెట్టగలరు అని, హిందీలో, మర్యాదగా. జవాబేమీ రాలేదు. రెండు మూడు రోజులు పోయాక లుంగీలు సర్దుతూ ఊరికే తెరిచి చూస్తే, ఫోటో మార్చేశారు. కళ్లు బాగా తెరిచి, నేరుగా చూస్తోంది. ఈసారి ఆఫీసరు అటెటో చూస్తున్నాడు.